నలుగురు, మూడు దేశాలు, మూడు లక్షలు: దసరా సెలవుల ప్రయాణంపై ఒక కేస్ స్టడీ

వనస్థలిపురం నుంచి మా ట్రావెల్ ప్లానింగ్ ఆఫీసుకు వచ్చిన ఆ కుటుంబం మొదట అడిగింది యూరప్. పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ అన్నారు. భర్త రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, అమ్మాయి ఎనిమిదో తరగతి, ఆయన తల్లికి అరవై ఎనిమిదేళ్లు. నలుగురికీ కలిసొచ్చే సెలవులంటే 2024 దసరా సెలవులే, అక్టోబర్ 2 నుంచి 14 దాకా. చేతిలో మూడున్నర లక్షలున్నాయి. అప్పు చేసి తిరగడం, వచ్చాక ఈఎంఐలు కట్టడం తమ వల్ల కాదని భార్యాభర్తలిద్దరూ కూర్చోగానే చెప్పేశారు. ఇంత స్పష్టంగా బడ్జెట్ చెప్పేవాళ్లు ఉంటే ప్లాన్ చేయడం చాలా తేలిక.

యూరప్ ఆ డబ్బులో కాదని లెక్క వేసి చూపించాను. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే చెల్లే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. ఎనిమిదో తరగతి పాపకు పిల్లల ఫీజు వర్తించదు, కాబట్టి నలుగురికీ కలిపి 360 యూరోలు. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. దాని మీద 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీటన్నిటికంటే, నలుగురికి రానూపోనూ విమాన టికెట్లకే బడ్జెట్‌లో పెద్ద ముక్క పోతుంది. మిగిలిన దాంతో పారిస్‌లో లెక్కపెట్టుకుంటూ తిరగాలి. అది నాకు న్యాయంగా అనిపించలేదు, వాళ్లకూ అనిపించలేదు.

అప్పటికే వాళ్ల దగ్గర ఇంకోచోట తీసుకున్న ప్యాకేజీ కొటేషన్ ఉంది. సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్, ఆరు రాత్రులు, మనిషికి 1,15,000. దాని మీద టీసీఎస్, అంటే ప్యాకేజీ అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, విడిగా. విదేశీ టూర్ ప్యాకేజీ మీద అప్పట్లో మొదటి రూపాయి నుంచే 5 శాతం టీసీఎస్ ఉండేది. అన్నీ కలిపితే 4 లక్షల 83 వేలు. టీసీఎస్ తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సర్దుకోవచ్చు గానీ, ముందు జేబులోంచి పెట్టాల్సిందే. టికెట్లు, రూములు విడివిడిగా మనమే కొనుక్కుంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

దేశాలు అవే ఉంచుదామన్నాను, పద్ధతి మారుద్దామన్నాను. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ నేను గట్టిగా నమ్మేది ఒకటే: పలు దేశాల ప్రయాణంలో ఖర్చు తగ్గేది ఆఫర్ల దగ్గర కాదు, దేశాల వరస దగ్గర. ఏ దేశంలో దిగుతాం, ఏ దేశం నుంచి ఇంటికొస్తాం, మధ్య సరిహద్దులు ఎలా దాటతాం అన్న మూడు ప్రశ్నలు తేలితే సగం బడ్జెట్ తేలిపోతుంది. అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రోమో కోడ్‌లు వెతికేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లు మిగిల్చుకునే వెయ్యి రూపాయలు, వరస తప్పడం వల్ల పోయే ఇరవై వేల ముందు ఏపాటివి?

వరస ఎలా కుదిరింది

మ్యాపు ముందు పెట్టుకుని చూడండి. బ్యాంకాక్, పెనాంగ్, కౌలాలంపూర్, మెలాకా, సింగపూర్ పై నుంచి కిందికి దాదాపు ఒకే దారిలో ఉంటాయి. రైలుంది, బస్సుంది. ప్యాకేజీల్లో ఈ దూరాలు ఎక్కువగా విమానంలోనే వెళ్తారు. ప్రతిసారీ ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ, లగేజీ చార్జీ, మూడు గంటల ముందు వెళ్లి కూర్చోవడం. మనం ఒక కొసన దిగి, దారి పొడవునా చూసుకుంటూ ఇంకో కొసన విమానం ఎక్కితే సరిపోతుంది.

అలా అనుకుంటే బ్యాంకాక్‌లో దిగి సింగపూర్ నుంచి తిరిగి రావాలి. ఎవరైనా అలాగే వేస్తారు. నేను తిరుగు టికెట్ మాత్రం సింగపూర్ నుంచి తీసుకోనివ్వలేదు, కౌలాలంపూర్ నుంచి తీయించాను.

కారణం వీసా. థాయ్‌లాండ్ 2024 జూలై 15 నుంచి మనవాళ్లను 60 రోజులు వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది. మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజులు రానిస్తోంది. సింగపూర్‌కి మాత్రం ముందే వీసా ఉండాలి, అదీ ప్రయాణానికి నెల రోజుల లోపే దరఖాస్తు పెట్టాలి. దసరా టికెట్లు సెప్టెంబర్ దాకా ఆగితే ధర కొండెక్కుతుంది, కాబట్టి జూలైలోనే కొనాలి. అంటే టికెట్ కొనే నాటికి సింగపూర్ సంగతి తెలిసే వీలే లేదు. నలుగురిలో ఒక్కరికి వీసా ఆగినా నలుగురి తిరుగు టికెట్లూ వృథా అవుతాయి. అసలు ముందు సింగపూర్‌లోనే దిగేలా పెట్టుకుంటే ఇంకా కష్టం, మొత్తం ప్రయాణమే ఆ ఒక్క వీసా మీద ఆధారపడుతుంది.

అందుకే సింగపూర్‌ని ప్రయాణానికి వెన్నెముకగా కాకుండా, విడిగా తీసేయగలిగే ముక్కగా పెట్టాను. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, రైల్లో పెనాంగ్, రైల్లో కౌలాలంపూర్, బస్సులో మెలాకా, అక్కడి నుంచి సింగపూర్, మళ్లీ బస్సులో కౌలాలంపూర్, రాత్రి విమానంలో ఇంటికి. సింగపూర్ వీసా రాకపోతే ఆ రెండు రోజులు మలేసియాలోనే ఉన్న కామెరాన్ హైలాండ్స్‌కి వెళ్లొచ్చు. సింగపూర్ రూము ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే షరతు మీద తీసుకున్నాం. దీనికి అయిన అదనపు ఖర్చల్లా సింగపూర్ నుంచి వెనక్కి బస్సు చార్జీ, నలుగురికి 7,600. టెన్షన్ లేకుండా ఉండటానికి అది ఎక్కువేం కాదు.

సింగపూర్‌లో రూములు ఖరీదు కాబట్టి సరిహద్దుకు ఇవతల, మలేసియా వైపున్న జొహోర్ బారులో ఉండి రోజూ దాటి వెళ్లొస్తే ఎలా ఉంటుందని ఆయన అడిగారు. కుర్రాళ్లయితే సరే అనేవాణ్ని. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో రెండు పూటలా ఆ క్యూల్లో నిలబడటం పొదుపు కాదు. ఒప్పుకోలేదు.

తేదీల దగ్గర ఒక చిక్కొచ్చింది. వీళ్లది నల్గొండ జిల్లా. "సద్దుల బతుకమ్మ నాడు ఇంట్ల లేకుంటే మా అమ్మ ఊకోదు సార్" అన్నారు ఆయన భార్య. ఆ ఏడు సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10. సెలవుల్లో సగం పోగొట్టుకోకుండా దాన్ని కాపాడే దారి దొరకలేదు. చివరికి ఆమే తల్లిని ఒప్పించుకున్నారు. ఇలాంటి వాటిని ప్లానర్ తేలిగ్గా కొట్టిపారేయకూడదు, నిర్ణయం ఇంటివాళ్లకే వదిలేయాలి.

కాగితాలు

ఆయన ప్రభుత్వోద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ నుంచి అనుమతి కావాలి. ఫైలు కదలడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. టికెట్లు కొనకముందే అర్జీ పెట్టించాను.

పెద్దావిడకు పాస్‌పోర్టే లేదు. ఆధార్‌లో పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, బ్యాంకు పాస్‌బుక్‌లో పూర్తిగా ఉంది. ఇది మన ఇళ్లలో నిత్యం కనిపించే సమస్య. ముందు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయించి, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు పెట్టాం. 'సర్‌నేమ్' గడి ఖాళీగా వదలొద్దని పట్టుబట్టాను. ఒకే పేరుతో ఉన్న పాస్‌పోర్టు మీద టికెట్ బుక్ చేసేటప్పుడు ఎయిర్‌లైన్‌కో పద్ధతి, యూఏఈ అయితే 2022లో విజిట్ వీసాల మీద అలాంటి పాస్‌పోర్టులకు ఆంక్షలు పెట్టింది. రేపెప్పుడైనా దుబాయ్ వెళ్లాలంటే మళ్లీ మొదటికి రాకూడదు కదా. అరవై దాటినవాళ్లకు కొత్త పాస్‌పోర్టు ఫీజులో 10 శాతం తగ్గింపు కూడా ఉంది, 1,500 బదులు 1,350 అయింది.

సింగపూర్ వీసా అధీకృత ఏజెంటు ద్వారానే పెట్టాలి. ఫారం 14ఎ, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో తాజాగా దిగిన ఫొటో, టికెట్లు, రూము బుకింగు, బ్యాంకు స్టేట్‌మెంటు. వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీతో కలిపి మనిషికి 2,700 అయింది. సెప్టెంబర్ మూడో వారంలో నలుగురికీ వచ్చేసింది.

ఇలా ఒక దేశంలో దిగి ఇంకో దేశం నుంచి తిరిగొచ్చే టికెట్లు తీసుకున్నవాళ్లకు అసలు పరీక్ష శంషాబాద్ చెకిన్ కౌంటర్ దగ్గర ఉంటుంది. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి స్క్రీన్ మీద కనిపించేది బ్యాంకాక్‌కి వన్‌వే టికెట్ మాత్రమే. "రిటర్న్ ఏది సార్?" అంటాడు. అడిగాడు కూడా. అందుకే ఒక పారదర్శక ఫోల్డరు సర్ది ఇచ్చాను. పైన బ్యాంకాక్ రూము, దాని కింద థాయ్‌లాండ్ నుంచి బయటపడే రైలు టికెట్, దాని కింద కౌలాలంపూర్ నుంచి హైదరాబాద్ విమాన టికెట్, చివర ఇన్సూరెన్స్, శాఖ అనుమతి కాపీ. ఫోన్లో వెతకడం, ఛార్జింగ్ లేకపోవడం, నెట్ రాకపోవడం అనే గొడవ ఉండదు. ఆయన ఒక్కో కాగితం తీసి వరసగా పెట్టారు, రెండు నిమిషాల్లో బోర్డింగ్ పాసులు చేతికొచ్చాయి. ఇమిగ్రేషన్‌లోనూ అదే ఫోల్డరు పనికొచ్చింది.

లగేజీ మీద ఒక మాట. సరిహద్దుల్ని బస్సులో దాటేటప్పుడు సామాను మనమే దింపుకుని, ఇమిగ్రేషన్ గుండా మోసుకెళ్లి, మళ్లీ ఎక్కించుకోవాలి. పెద్ద సూట్‌కేసులు వద్దని, ఎవరి చక్రాల బ్యాగు వాళ్లు లాక్కోగలిగేంత బరువే పెట్టమని చెప్పాను. పెద్దావిడ ఇంట్లో కొట్టిన మసాలా పొడి సర్దుకున్నారు, అందులో గసగసాలున్నాయి. సింగపూర్‌లో గసగసాల మీద మాదకద్రవ్యాల చట్టం కింద ఆంక్షలున్నాయి. తీయించేశాను. బదులుగా పులిహోర పేస్టు, కందిపొడి వెళ్లాయి. బీపీ మాత్రలు డాక్టర్ చీటీతో సహా హ్యాండ్‌బ్యాగులో పెట్టించాను.

బ్యాంకాక్ నుంచి పెనాంగ్ దాకా

అక్టోబర్‌లో బ్యాంకాక్‌లో వానలుంటాయి. బీచ్‌ల కోసం వెళ్లేవాళ్లయితే ఆ నెల వద్దంటాను. వీళ్లకు బీచ్ మీద మోజు లేదు, వానాకాలం కాబట్టి రూములు చవక. ఇంకో లాభం కూడా ఉంది. థాయ్‌లాండ్‌లో చైనా సంతతి వాళ్లు తొమ్మిది రోజుల శాకాహార వ్రతం చేస్తారు. చాంద్రమాన పండుగ కావడంతో చాలా ఏళ్లు మన దేవీ నవరాత్రుల రోజుల్లోనే పడుతుంది, అధిక మాసం లెక్కలో తేడా వచ్చిన ఏడు మాత్రం నెల అటూ ఇటూ అవుతుంది. 2024లో రెండూ అక్టోబర్ 3నే మొదలయ్యాయి.

పెద్దావిడ నవరాత్రుల్లో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. విదేశంలో తిండి ఎలా అని అన్నిటికంటే ఎక్కువ దిగులు పడింది ఆవిడే. ఆ వ్రతం భోజనంలోనూ మాంసం, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపించిన బండి దగ్గర ఆగమని చెప్పి, ఆ జెండా ఫొటో వాళ్ల ఫోన్‌కి పంపాను. బ్యాంకాక్ చైనాటౌన్‌లోని యావోరాత్ వీధి పొడవునా ఆ జెండాలే. అమ్మాయి జెండాలు వెతికే పని తనే పెట్టుకుంది. పెనాంగ్‌లోనూ ఆ పండుగ జరుపుతారు కాబట్టి అక్కడా ఇబ్బంది రాలేదు.

బ్యాంకాక్‌లో రెండు రాత్రులున్నాక, శనివారం క్రుంగ్ థెప్ అపివాట్ టెర్మినల్ నుంచి రైలు. పాతకాలం ఆర్టికల్స్ చదివి హువా లంపోంగ్ స్టేషన్‌కి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2023 జనవరి నుంచి దూరప్రాంతాల రైళ్లలో ఎక్కువ భాగం కొత్త టెర్మినల్ నుంచే బయల్దేరుతున్నాయి. మెట్రో నేరుగా అక్కడికే వెళ్తుంది. 45వ నంబరు రైలు రాత్రంతా నడిచి పొద్దున్నే మలేసియా సరిహద్దులోని పాదంగ్ బెసార్‌కి చేరుస్తుంది. సెకండ్ క్లాస్ ఏసీ స్లీపర్ మనిషికి సుమారు వెయ్యి బాట్. ఒక రాత్రి రూము ఖర్చు కలిసొచ్చింది. కింది బెర్తు కాస్త వెడల్పు, ధర కూడా కాస్త ఎక్కువ. "పై బెర్తు ఎక్కలేను నాయనా" అని పెద్దావిడ ముందే అన్నారు కాబట్టి రెండు కింద, రెండు పైన తీసుకున్నాం. రాత్రయ్యాక సిబ్బందే వచ్చి సీట్లు మడిచి పరుపులు వేసి తెర కడతారు. మన రైల్లో బెర్తుల కోసం జరిగే సర్దుబాట్లు అక్కడ ఉండవు.

పాదంగ్ బెసార్‌లో రెండు దేశాల ఇమిగ్రేషన్ ఒకే స్టేషన్‌లో ఉంటుంది. థాయ్ ముద్ర వేయించుకుని నాలుగడుగులు వేస్తే మలేసియా కౌంటర్. మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు చేరడానికి మూడు రోజుల లోపు నింపాలి, బ్యాంకాక్ రూములోనే నింపేశారు. గడియారం గంట ముందుకు తిప్పుకోవాలి, లేకపోతే అవతలి రైలు తప్పుతుంది. అక్కడి నుంచి లోకల్ రైల్లో బటర్‌వర్త్, దిగి ఫెర్రీ ఎక్కితే పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్.

పెనాంగ్‌లో రెండు రాత్రులు, కౌలాలంపూర్‌లో రెండు, మెలాకాలో ఒకటి. ఈ భాగం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, రైళ్లు టైముకి నడిచాయి, పెనాంగ్ లిటిల్ ఇండియాలోనూ కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోనూ ఇడ్లీ, దోసె దొరికాయి. బటు కేవ్స్‌కి లోకల్ రైలు గుహ దగ్గరికే వెళ్తుంది. పెద్దావిడ 272 మెట్లు చూసి, కిందనే సుబ్రహ్మణ్యస్వామి విగ్రహానికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నారు.

సింగపూర్ రెండు రోజులు

శుక్రవారం పొద్దున్నే మెలాకా నుంచి సింగపూర్ బస్సు. వారాంతంలో సింగపూర్ వాళ్లు శుక్రవారం సాయంత్రం మలేసియా వైపు కదులుతారు, ఆదివారం సాయంత్రం వెనక్కొస్తారు. మనం వాళ్లకు ఎదురు వెళ్లేలా రోజులు పెట్టుకుంటే సరిహద్దులో సగం బాధ తగ్గుతుంది.

రూము లిటిల్ ఇండియాలో తీసుకున్నాం. దీపావళికి ముందు నెల కావడంతో సెరంగూన్ రోడ్డంతా దీపాలు. రాత్రికి 14,500, మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే ఖరీదైన రూము, అన్నిటికంటే చిన్న రూము కూడా. అక్కడే ఎందుకంటే, నడిచివెళ్లే దూరంలో శ్రీనివాస పెరుమాళ్ ఆలయం, టెక్కా సెంటర్, మెట్రో స్టేషన్ ఉన్నాయి. అక్టోబర్ 12 విజయదశమి, తమిళుల పురట్టాసి నెలలో శనివారం కూడా. పెరుమాళ్‌కి అది విశేషమైన రోజు. ఇవి రెండూ కలుస్తున్నాయని చూసుకునే సింగపూర్‌ని ఆ తేదీకి తెచ్చాను. పండుగ పూట గుడి లేని చోట ఉన్నామనే వెలితి పెద్దావిడకు లేకుండా పోయింది. మెట్రోకి, సిటీ బస్సులకి విడిగా కార్డు కొనక్కర్లేదు, కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. కుళాయి నీళ్లు తాగొచ్చు. గార్డెన్స్ బై ద బేలో సాయంత్రం దీపాల షో ఉచితం. టికెట్ పెట్టి చూసే చోట్లు రెండే ఎంచుకోమన్నాను, అమ్మాయి ఎంచుకుంది.

ఆదివారం పొద్దున కౌలాలంపూర్ బస్సు. ఇక్కడ చవక దారి ఇంకొకటుంది. సింగపూర్‌లో కొనే బస్సు టికెట్ డాలర్లలో ఉంటుంది, అదే అంకె అవతలివైపు రింగిట్‌లలో ఉంటుంది. అప్పట్లో సింగపూర్ డాలరు 64 రూపాయలు, మలేసియా రింగిట్ 20. క్వీన్ స్ట్రీట్ నుంచి 170 నంబరు సిటీ బస్సులో సరిహద్దు దాటి, జొహోర్‌లోని లార్కిన్ బస్టాండులో కౌలాలంపూర్ బస్సు ఎక్కితే ఐదు వేల దాకా మిగులుతుంది. వీళ్లకు నేను వద్దన్నాను. రాత్రికి విమానం ఉంది, పెద్దావిడ ఉన్నారు, మూడుసార్లు బస్సు దిగి ఎక్కాలి. అలాంటి రోజున పొదుపు చూడకూడదు. నేరుగా వెళ్లే బస్సే తీసుకున్నారు. సరిహద్దులో అనుకున్న దానికంటే బాగా ఆలస్యమైంది, అయినా పొద్దున్నే బయల్దేరడం వల్ల విమానానికి బోలెడు టైము మిగిలింది. కౌలాలంపూర్‌లో బస్సు దిగే టీబీఎస్ బస్టాండు పక్కనే ఎయిర్‌పోర్టు రైలు ఆగుతుంది, ట్యాక్సీ అవసరం రాలేదు. మలేసియాలోకి రెండోసారి అడుగుపెడుతున్నాం కాబట్టి అరైవల్ కార్డు మళ్లీ కొత్తగా నింపాలి. ఇది చాలామందికి తట్టదు.

లెక్క

విమానాలు నలుగురికీ, బ్యాగులతో సహా 1,02,000. తొమ్మిది రాత్రుల రూములు 59,000, అందులో సింగపూర్‌వే 29,000. రైళ్లు, బస్సులు, ఫెర్రీ 28,000. సింగపూర్ వీసాలు, ఇన్సూరెన్స్ 19,000. ఊళ్లలో తిరగడం, సిమ్‌లు, టికెట్లు 42,000. తిండి 48,000. మొత్తం 2,98,000, అంటే మనిషికి 74,500. షాపింగు, నా ఫీజు ఇందులో లేవు. ప్యాకేజీలో ఉన్నవి ఆరు రాత్రులే, ఇవి రైలు రాత్రితో కలిపి పది.

సింగపూర్ రూము, వీసా, బస్సులు, అక్కడి తిండి, టికెట్లు విడిగా కూడితే మొత్తం ఖర్చులో నాలుగో వంతు ఆ రెండు రోజులదే. మూడు లక్షలు కూడా లేనివాళ్లకు నేను ఇచ్చే మొదటి సలహా సింగపూర్ తీసేయమనే. బ్యాంకాక్, పెనాంగ్, కౌలాలంపూర్‌తోనే ప్రయాణం నిండుగా ఉంటుంది.

డబ్బు తీసుకెళ్లే పద్ధతిలోనూ కొంత మిగిలింది. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో గీస్తే 3.5 శాతం దాకా మార్కప్, అంటే బ్యాంకు అదనంగా వేసే చార్జీ, దాని మీద జీఎస్టీ పడుతుంది. మార్కప్ లేని కార్డు ఒకటి, ఫారెక్స్ కార్డు ఒకటి, కొంత నగదు తీసుకెళ్లారు. థాయ్ ఏటీఎంలో విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ 220 బాట్ కోత ఉండేది, రెండు వేల బాట్ తీసినా అంతే, పది వేలు తీసినా అంతే. అందుకని ఒక్కసారే తీశారు. కార్డు మెషీన్ రూపాయల్లో చూపించనా అని అడిగితే వద్దని, ఆ దేశం కరెన్సీలోనే కట్టమని నలుగురికీ చెప్పి పంపాను. రూపాయల్లో ఒప్పుకుంటే వాళ్లు వేసే రేటు మనకు నష్టం.

ఈ దారిలో ఇప్పుడు వెళ్లేవాళ్లకు కొన్ని మారాయి. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తెచ్చింది. మూడు దేశాల కార్డులూ ఉచితమే, చేరడానికి మూడు రోజుల లోపు నింపాలి. ఫీజు అడుగుతున్న వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. మలేసియా వీసా మినహాయింపు గడువు 2026 డిసెంబర్ 31 దాకా పెంచింది. ప్యాకేజీ కాకుండా విడిగా డబ్బు పంపేవాళ్లకు టీసీఎస్ మినహాయింపు పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 7 లక్షల బదులు 10 లక్షలైంది. వీసా నిబంధనలు ఎప్పుడైనా మారొచ్చు కాబట్టి, టికెట్‌కి డబ్బు కట్టే రోజున ఆయా దేశాల ఇమిగ్రేషన్ సైట్లు మళ్లీ ఒకసారి తెరిచి చూసుకోండి.